మూడో కేక

తన మొగుడు ఎన్నికల్లో ఓడిపోవాలని డోర్కస్ మోకాళ్ల మీద కూర్చుని దేవుణ్ణి వేడుకుంది. ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు. అతను గెలవాలని ఊరంతా పాడుతుంటే తానూ గొంతు కలిపింది.

ఇదీ అనగనగా జరిగిందే, కానీ మరీ రాజుల నాటిది కాదు. అమెరికా దక్షిణాన నల్లవాళ్ల సంకెళ్లు తెగి, చీలమండల మీద మచ్చలు ఇంకా మానని కాలం. అక్కడొక ఎర్రనీళ్ల నది. నది మీద ఒక బల్లకట్టు. దాన్ని మోకు పట్టి లాగేవాడు సైలస్, డోర్కస్ మొగుడు. బానిసగా ఉన్నప్పుడూ అదే మోకు, విడుదలయ్యాకా అదే మోకు.

అవతలి గట్టు నుంచి పిలవడానికి ఒక ఆనవాయితీ ఉండేది. ఒక కేక వేస్తే తీరిగ్గా రమ్మని. రెండేస్తే త్వరగా రమ్మని. మూడో కేక పడిందంటే అక్కడొక ప్రాణం పోతోందని. మూడో కేక విన్నాక సైలస్ ఎన్నడూ కూర్చున్న చోట కూర్చోలేదు. నొప్పులు పడుతున్న ఆడవాళ్లను దాటించాడు, పాము కరిచినవాళ్లను దాటించాడు, గుర్రం మీంచి పడి నెత్తురోడుతున్న రాన్సమ్ దొర కొడుకునూ దాటించాడు.

అందుకే జనం అతన్ని రాష్ట్ర శాసనసభకు పంపారు. అతనికి చదువు రాదు. "చదువొచ్చినవాళ్లు మనల్ని అమ్ముకున్నారు, ఈసారి రానివాణ్ణి చూద్దాం" అని ముసలాళ్లు నవ్వారు.

సభలోకి ఒక చట్టం వచ్చింది. పందిపిల్లను ఎత్తుకెళ్లినా జైలే. జైల్లో పడ్డవాణ్ణి పత్తి దొరలకు అద్దెకివ్వొచ్చు. పోయిన సంకెళ్లే దొడ్డిదారిన ఇంటికొస్తున్నాయని సైలస్‌కు అర్థమైంది.

మొదట రాన్సమ్ దొర వచ్చాడు. ఊరుకుంటే పొలం రాసిస్తానన్నాడు. సైలస్ వద్దన్నాడు. తర్వాత జడ్జి వచ్చాడు. కొలువిప్పిస్తానన్నాడు. వద్దన్నాడు. ఆఖర్న దొర కొడుకు వచ్చాడు. ఏమీ ఇస్తాననలేదు.

"బల్లకట్టోడా, నీకు ఈతొచ్చా?" అని మాత్రం అడిగాడు.

సభలో సైలస్ చెయ్యెత్తి ఆ చట్టాన్ని కాదన్నాడు. ఒక్క ఓటు తేడాతో చట్టం వీగిపోయింది.

ఇంటికొచ్చిన మొగుణ్ణి డోర్కస్ మళ్లీ గడప దాటి బయటికి పోనివ్వలేదు. మర్నాడు తెల్లవారింది. నది మీద పొగమంచు. అవతలి గట్టు కనబడదు.

మంచులోంచి ఒక కేక వచ్చింది.

"ఉండనీ," అంది డోర్కస్. ఉండిపోయాడు.

రెండో కేక వచ్చింది.

"మంచు విడనీ," అంది. ఉండిపోయాడు.

మూడో కేక వచ్చింది. సైలస్ లేచాడు.

"అది దొర కొడుకు గొంతు," అంది డోర్కస్.

"గుర్తుపట్టాను. ఇదివరకూ ఆ గొంతే పిలిచింది. అప్పుడు నిజంగానే చావుబతుకుల్లో ఉన్నాడు. ఇప్పుడు లేడని ఇక్కడ కూర్చుని ఎట్లా చెప్పను?"

"నిన్ను చంపుతారు."

"చంపొచ్చు. కానీ మూడో కేకకు నేను కదలకపోతే, ఇక ఈ నది మీద ఎవరు ఎవర్ని నమ్ముతారే?"

గట్టు దాకా వెంటపడి ఆమె మోకు పట్టుకుని వదల్లేదు. అతను ఆమె వేళ్లను మెల్లగా, ఒక్కొక్కటిగా విడదీశాడు. మోకు కిర్రుమంటూ మంచులోకి పోయింది. అతను నది నడుమకు చేరేదాకా ఆ చప్పుడు వినబడింది. తర్వాత తుపాకులు వినబడ్డాయి.

డోర్కస్ మోకు లాగింది. బల్లకట్టు వచ్చింది. దాని మీద ఎవరూ లేరు.

శవం దొరకలేదు. మరుసటేడు సైలస్ కుర్చీలో దొర కొడుకు కూర్చున్నాడు. ఆ చట్టం నెగ్గింది.

శవం కోసం వెతికిన రోజు ఊరంతా గట్టు మీద చేరింది. డోర్కస్ నీళ్లలోకి దిగి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. మళ్లీ పిలిచింది. మూడోసారి నోరు తెరిచి, మూసేసింది.

"పిలవ్వే, ఇంకోసారి పిలువు," అన్నారు ఆడవాళ్లు.

"పిలిస్తే వస్తాడు," అంది డోర్కస్. "వస్తే మళ్లీ చంపుతారు."

ఇప్పుడు ఆ నదికి వంతెన ఉంది. అయినా అక్కడి తల్లులు ఆటల్లో పడ్డ పిల్లల్ని అన్నానికి రెండుసార్లే పిలుస్తారు. పలక్కపోతే మూడో కేక వెయ్యరు. పొయ్యి దగ్గర్నుంచి లేచి, తామే వెళ్తారు.