ఎవరి ముక్క

ముకుందం చేసిన తాళాలను ఏ మద్దెలగాడూ పుచ్చుకోలేదు. అతని బాధంతా అదే.

తాళాలు బాగాలేక కాదు. గెడ్డవలస కంచరి వీధిలో అంత తియ్యగా మోగే జతను అంతకు ముందు ఎవరూ వినలేదు. ఒకసారి మోగించి వదిలితే ఆ నాదం వీధి చివరిదాకా వెళ్లి, అక్కడ ఎవరితోనో రెండు మాటలు మాట్లాడి మరీ వచ్చేది. పక్క కొలిముల వాళ్లు చేస్తున్న పని ఆపి తల తిప్పేవారు. అయినా ఏడాది తిరిగేసరికి ఆ జత ఇంకా చాప మీదే ఉంది.

గెడ్డవలస సంగతి కొంచెం చెప్పాలి. చిన్న వీధి, ఇరువైపులా కంచు పోత పోసే కొలిములు. తూర్పు భాగవతం ఆడే మేళాలన్నీ తాళాలకు అక్కడికే వచ్చేవి. పట్నం దుకాణాల్లో నిగనిగలాడే తాళాలు ఎన్ని దొరికినా, వానలు వెనకపట్టగానే మద్దెలగాళ్లు పంచెలు ఎగగట్టి గెడ్డ నీళ్లు దాటి వచ్చేవారు. తాళం వేసేవాడు వేరే ఉన్నా, ఎంచేది మాత్రం మద్దెలగాడే. ఆటంతా ఆ తాళం పక్కన బతకాల్సినవాడు అతనే కదా.

ఏ ఊళ్లో ఆట మొదలైనా మద్దెల మీద చెయ్యి పడకముందు తాళం ఒక్కసారి ఒంటరిగా మోగాలి. దాన్ని కంచరి వీధి దెబ్బ అనేవారు. ఆ దెబ్బ పడ్డాకే వినాయకుడైనా పందిట్లోకి రావాలి. ఈ మాట చెప్పేటప్పుడు వీధిలో ముసలివాళ్ల చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయేది.

అక్కడ ఇంకో పద్ధతి ఉంది. తాళం పగిలితే మేళం వాళ్లు దాన్ని పాత సామాన్లవాడికి వెయ్యరు. గెడ్డవలస తెచ్చి ఇస్తారు. జతలో ఒకటే పగిలినా రెండూ ఇచ్చేస్తారు, ఒక్కదాన్ని ఒంటరిగా ఉంచకూడదని. కొత్త తాళాలకు రాగి, తగరం కరిగించేటప్పుడు మూసలో ఆ పగిలిన తాళం ముక్క ఒకటి పడాలి. అందుకని కొత్త జతను మోగించి చూశాక ప్రతి మద్దెలగాడూ అడిగే మాట ఒకటే.

"ఇది ఎవుల ముక్క?"

ఫలానా ఊరి ఫలానా వారిదని చెబుతారు. అతను ఆ పేరు విని తాళాన్ని కళ్లకద్దుకుంటాడు. ఆ తర్వాత ఇక బేరం ఉండదు.

శిష్యుడు చేసిన జతను ఒక మద్దెలగాడు ఎంచుకుంటేనే శిష్యుడికి సొంత కొలిమి. అంతవరకూ ఎంత పనిమంతుడైనా గురువు కొలిమి దగ్గర తిత్తులు ఊదాల్సిందే. ముకుందం నిజంగానే పనిమంతుడు. ఆ సంగతి వీధిలో అందరికంటే ముందు అతనికే తెలుసు.

పాత ముక్కల్లో ఏ మసి ఉందో, ఏ మట్టి ఉందో, అవి నాదానికి అడ్డమని అతని నమ్మకం. గురువు సింహాద్రాచారి ఊళ్లో లేని రోజు చూసి, ముక్క వెయ్యకుండా కొత్త రాగితో, కొత్త తగరంతో ఆ జత పోత పోశాడు. అనుకున్నంతా అయింది. నాదం తేటపడింది.

మద్దెలగాళ్లు వచ్చినప్పుడల్లా మొదట ఆ జతనే అందుకునేవారు. మోగించి, కళ్లు పెద్దవి చేసి, నవ్వి, ఎవుల ముక్క అని అడిగేవారు. ఎవరిదీ కాదు, కల్తీ లేని కొత్త కంచు అని ముకుందం ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. పెళ్లిచూపుల్లో అన్నీ నచ్చాక గోత్రం ఒకటేనని తేలినట్టు వాళ్ల మొహాలు మారిపోయేవి. జతను మెల్లగా చాప మీద పెట్టేసి, పక్కనున్న మామూలు జతను పట్టుకుపోయేవారు.

వీళ్లకి చెవులు లేవని ముకుందం వీధంతా చెప్పుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లను చూశాం గానీ, తాళం పోక మద్దెలగాడు చెవిటివాడన్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నామని వీధివాళ్లు నవ్వారు. ఆ నవ్వు భరించలేక ఒక ఉదయం అతను జతను తీసుకెళ్లి గురువు ముందు పెట్టాడు. ముక్క వెయ్యని సంగతి తన నోటితోనే చెప్పాడు.

సింహాద్రాచారి కోప్పడలేదు. తాళాలు అందుకుని ఒకసారి మోగించాడు. నాదం పూర్తిగా ఆగేదాకా తల ఎత్తలేదు.

"నా సేతిలో ఇంత మంచిది ఎప్పుడూ పడనేదురా," అన్నాడు.

ముకుందం ఆ మాట ఊహించలేదు. అలాంటప్పుడు మద్దెలగాళ్లతో పనేముందని, కొలిమి మీరే ఇప్పించవచ్చు కదా అని అడిగాడు. లేదంటే పట్నం పోతానన్నాడు. అక్కడి దుకాణాల వాళ్లు తాళం మోగితే చాలంటారు, ముక్కల సంగతి అడగరు.

అతను పోతే ఆ వీధిలో అంతటి చెయ్యి ఇంకొకటి లేదు. అది గురువుకూ తెలుసు. లేచి, తాను రోజూ కూచునే పీటను తీసుకెళ్లి వీధి గుమ్మంలో వేశాడు.

"నువ్వు ఇక్కడ కూకో. పగిలినవి తెచ్చినోళ్ల కాడ ఇకమీదట నువ్వే పుచ్చుకో," అన్నాడు.

ముకుందానికి తల కొట్టేసినట్టయింది. పోత పోసే చేతికి పగిలిన సామాను పుచ్చుకునే పని. కానీ గురువు తన పీట తనే మోసుకొచ్చి వేశాక కూచోనని ఎలా అంటాడు. కూచున్నాడు.

కొన్నాళ్లు ఒకటే విసుగు. వచ్చినవాళ్లు తాళం ఇచ్చేసి పోరు. ఏ ఊళ్లో ఏ వేషం కట్టినప్పుడు ఎలా మోగిందో చెబుతారు. వర్షంలో తడిసిన ఆట, పందిరి కూలిన ఆట, తెల్లారినా జనం లేవనివ్వని ఆట. చెప్పి చెప్పి, చివర్లో తాళాన్ని ఇంకోసారి చేత్తో తడిమి అప్పుడు ఇస్తారు. ముకుందం ఊఁ కొట్టి గంపలో వేసేవాడు. వేసే చప్పుడు విని కొందరు ఉలిక్కిపడేవారు. అది చూశాక వెయ్యడం మానేసి పెట్టడం మొదలుపెట్టాడు.

అలాంటి ఒక మధ్యాహ్నం దాలినాయుడు వచ్చాడు. పెద్ద మద్దెలగాడు. కొండ అవతలి ఊరు. వయసు మీద పడ్డా వేళ్లు మాత్రం ఇంకా నిలవవు, మాట్లాడుతున్నంతసేపూ మోకాలి మీద ఏదో వాయిస్తూనే ఉంటాయి. కండువాలో చుట్టి తెచ్చిన జతను విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. ఒకదానికి అంచు నుంచి బొడ్డు దాకా పగులు.

ముకుందం మంచినీళ్లిచ్చి, మర్యాదకే ఒక మాట అడిగాడు. కొండ దిగిన దగ్గర్నుంచి దారి పొడుగునా పాత సామాన్ల కొట్లున్నాయి కదా, ఈ ఎండలో ఇంత దూరం ఎందుకు మోసుకొచ్చారని.

దాలినాయుడు అతనివైపు వింతగా చూశాడు.

"మా తమ్ముడిది, బాబూ," అన్నాడు.

అంతకంటే చెప్పాల్సిందేమీ లేనట్టు మంచినీళ్లు తాగాడు. తర్వాత తనే చెప్పాడు. తమ్ముడు చిన్నంనాయుడు. మీసం రాకముందు నుంచి అతను తాళం, తను మద్దెల. భూమి పంపకాల్లో మాటలు పోయి ఇద్దరూ పలకరించుకోని కాలం ఒకటి నడిచింది. ఆ కాలంలో కూడా ఆటకి మాత్రం ఎదురెదురుగా కూచునేవారు. తను తప్పిపోతే తమ్ముడు తాళంతో పట్టుకునేవాడు, తమ్ముడు పరుగెత్తితే తను మద్దెలతో ఆపేవాడు. ఇంట్లో మాట లేకపోయినా పందిట్లో ఉంది. తాళం పోయినేడు పగిలింది. బతికుండగా ఇవ్వనని, తాను పోయాక గెడ్డవలసలో ఇమ్మని తమ్ముడు కన్నుమూసేముందు చెప్పాడు.

చెప్పడం అయ్యాక దాలినాయుడు ఆ పగిలిన జతను ఒకసారి మోగించాడు. గరగరమని ఒక చప్పుడు వచ్చి ఆగిపోయింది. అతని మోకాలి మీద వేళ్లు దానికి కూడా జవాబు చెప్పాయి. ముకుందం అది చూసి కళ్లు దించేసుకున్నాడు.

చాప మీద ముకుందం జత అలాగే ఉంది. ముసలాయన చెయ్యి అలవాటుగా దాని మీదికి పోయింది. మోగించాడు. మొహం విప్పారింది. మళ్లీ మోగించాడు.

"అబ్బో. ఇది ఎవుల ముక్క?"

ఏడాదిగా ఛాతీ విరుచుకుని చెప్పిన మాటే. ఈసారి ముకుందం నోట్లోంచి అది చాలా మెల్లగా వచ్చింది.

"ఎవులిదీ కాదండి."

"ఎవులిదీ నేదా," అన్నాడు దాలినాయుడు. తాళాన్ని చాప మీద పెట్టి దాని వీపు మీద చేత్తో నిమిరాడు. "పాపం," అన్నాడు.

ముకుందం మనసులో ఏదో తెగింది. చెవులు లేనివాళ్లని తిట్టుకున్నాడే, ఈ మనిషి అంత మంచి నాదాన్నీ విన్నాడు, అందులో లేనిదాన్నీ విన్నాడు. సిగ్గేసింది. లేచి నిలబడి, రెండు చేతులూ చాచి చిన్నంనాయుడి తాళాలు పుచ్చుకున్నాడు. కొత్త జత చేసి ఇచ్చేదాకా ఉండమని అడిగాడు. దాలినాయుడు గుమ్మం పక్కన అరుగు మీద కండువా పరుచుకుని కూచున్నాడు.

కొలిమి రాజింది. ముక్క చెయ్యడానికి ముకుందం సుత్తి ఎత్తాడు గానీ దించడానికి భయం వేసింది. అంతకు ముందు అతను పగలగొట్టినవాటికి లెక్కలేదు. అరుగు మీది ముసలాయన అటు తిరిగి కూచుని, కానియ్యి బాబూ అన్నాడు. అప్పుడు సుత్తి దించాడు.

తిత్తులు ఊదడానికి మనిషి కావాలి కదా అని చూసేసరికి అక్కడ సింహాద్రాచారి కూచుని ఉన్నాడు. గురువు తిత్తులు ఊదుతుంటే శిష్యుడు పోత పోయడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. పక్క కొలిముల వాళ్లు పనులాపి వచ్చి నిలబడ్డారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. సింహాద్రాచారి ఎవరివైపూ చూడకుండా ఊదుతూనే ఉన్నాడు.

జత చల్లారి, అంచులు రుద్ది, తాడు కట్టేసరికి రెండు రోజులు పట్టింది. ముకుందం మోగించి చూసుకున్నాడు. తాళం గొంతులో కాస్త జీర. మొదటి జతంత తేటగా లేదు. అతని చెవికి ఆ తేడా తెలుస్తూనే ఉంది. దాచకుండా ఆ మాటే చెప్పి దాలినాయుడి చేతిలో పెట్టాడు.

దాలినాయుడు మోగించి కళ్లు మూసుకున్నాడు. ఎవుల ముక్కని ఇప్పుడు అడగాల్సిన పనిలేదు. అయినా పద్ధతి పద్ధతే, అడిగాడు.

"చిన్నంనాయుడు గోరిదండి," అన్నాడు ముకుందం.

ముసలాయన ఇంకోసారి మోగించాడు. మోకాలి మీద వేళ్లు అందుకున్నాయి. తాళం ఒక మాట అంటే వేళ్లు ఒక మాట అన్నాయి. తాళం కొంచెం ముందుకు పోబోతే వేళ్లు ఆపాయి. అరుగు చుట్టూ నిలబడ్డ వీధి వీధంతా ఊపిరి బిగబట్టి విన్నది. కంచరి వీధిలో పుట్టినందుకు ఆ పూట వాళ్లకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేం. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు, అది కొలిమి పొగ వల్ల కాదు.

"ఉన్నాడు," అన్నాడు దాలినాయుడు. తాళాలు కళ్లకద్దుకుని కండువాలో చుట్టాడు. తమ్ముడి కొడుక్కి ఇస్తానన్నాడు.

వెళ్లబోతూ చాప మీది మొదటి జత దగ్గర ఆగాడు.

"అదీ ఇచ్చీ బాబూ. మా ఊళ్లో కుర్రోళ్లు కొత్తగా మేళం కడతన్నారు. ఆళ్లకి ముందూ ఎవులూ నేరు, దీనికి ముందూ ఎవులూ నేరు. ఎక్కడో ఓ కాడ మొదలవ్వాల గదా."

ముకుందం ఆ జతను తుడిచి, రెండు చేతులతో ఇచ్చాడు.

ఆ సాయంత్రమే సింహాద్రాచారి తన కొలిమిలో నిప్పు మూకుడులో పట్టుకొచ్చి శిష్యుడి కొత్త కొలిమి అంటించాడు. వీధంతా వచ్చి చూసింది. అందరూ వెళ్లాక ముకుందం గురువు కాళ్లకు దండం పెట్టాడు. లేచి నిలబడ్డాడు గానీ, ఎంతైనా ముకుందం ముకుందమే. అడక్కుండా ఉండలేకపోయాడు.

"గురువుగోరూ, రెండు జతలూ నానే సేసినాను. ఏది గొప్పదంటారు?"

సింహాద్రాచారి నిప్పు ఎగదోస్తున్నాడు. తల తిప్పలేదు.

"పగిలినాక తెలుస్తాదిరా," అన్నాడు.