ఆరో హోల్ దగ్గర రెండు యంత్రాలు

ప్రకాశం మాస్టార్ని ప్రశ్న అడగడమంటే కోరి పనిలో ఇరుక్కోవడమే. మా క్లబ్బులో కొత్తవాళ్ళకి గోల్ఫ్ నేర్పేది ఆయనే. కర్ర ఎలా పట్టుకోవాలి, నడుం ఎంత తిప్పాలి అని అడిగితే విసుక్కోకుండా పదిసార్లయినా చూపిస్తారు. అవి తప్ప ఇంకేం అడిగినా జవాబు రాదు. ఏదో ఒక వస్తువు చేతిలో పెట్టి "వాడి చూడు" అంటారు, లేదా ఎక్కడికో పంపించి "చూసి రా" అంటారు. తిరిగొచ్చేసరికి అడిగినవాడు తనేం అడిగాడో మరిచిపోతాడు. అలా మరిచిపోయి హాయిగా ఆడుకుంటున్నవాళ్ళు మా క్లబ్బులో చాలామందే ఉన్నారు.

వేణుమాధవ్ మరిచిపోయే రకం కాదు. ఊళ్ళో పెద్ద రక్తపరీక్షల ల్యాబ్ అతనిది. నలభై దాటాక ఎవరో డాక్టరు నడవమని చెబితే గోల్ఫ్‌లో చేరాడు. ఏడాది తిరిగేసరికి ఆట సంగతి ఎలా ఉన్నా, ఆటసామాను సంగతి మాత్రం క్లబ్బులో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ నవంబరులో అతన్ని పట్టుకున్న పిచ్చి రేంజ్‌ఫైండర్. గుప్పెట్లో పట్టే దుర్భిణి లాంటిది అది. కంటికి ఆనించి, దూరాన కనిపించే జెండా మీద గురిపెట్టి మీట నొక్కితే, జెండా ఎన్ని గజాల్లో ఉందో అంకె చూపిస్తుంది. ఆ అంకెను బట్టి ఏ నంబరు కర్ర తియ్యాలో ఆటగాడు తేల్చుకుంటాడు.

ఒక ఉదయం మాస్టారు వరండాలో టీ తాగుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పక్క కుర్చీలో నేనూ ఉన్నాను.

"మాస్టారూ, ఒక్క మాట చెప్పండి చాలు. పేరున్న కంపెనీది కొనాలా, చవకది సరిపోతుందా? వీడియోలు చూసి చూసి నా బుర్ర వేడెక్కిపోయింది. ఒకడేమో అన్నీ ఒకటే అంటాడు. ఇంకొకడేమో చవకది కొన్నావంటే నీ ఆట గోవిందా అంటాడు."

"నీకేమనిపిస్తోంది?" అన్నారు మాస్టారు.

"మా ల్యాబ్ పద్ధతిలో చూస్తే మంచి మిషనే కొనాలండీ. మంచి మిషన్ తప్పు చెప్పదు. తప్పంటూ వస్తే శాంపిల్ తీసినవాడి దగ్గరే వస్తుంది."

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి, లోపలికి వెళ్ళి, తన పెట్టెలోంచి రెండు రేంజ్‌ఫైండర్లు తెచ్చారు. ఒకటి ప్రపంచమంతా పేరు మోగిన కంపెనీది, పాత శిష్యుడెవరో కానుకగా ఇచ్చింది. రెండోది ఎక్కడ తయారైందో దాని మీద కూడా రాయని చవక సరుకు. చవకది వేణుమాధవ్ చేతికిచ్చి, "ఈ వారం దీనితో ఆడు. వచ్చే వారం రెండోది తీసుకో. రెండు వారాలూ గౌరీసునే వెంట పెట్టుకో" అన్నారు.

గౌరీసు కేడీ. అంటే ఆటగాడి సంచి మోసి, కర్రలందించి, పొదల్లో పడ్డ బంతిని వెతికిపెట్టే మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆ ఏడాది మొట్టమొదటిసారి డిసెంబరు పోటీకి అతని పేరు బోర్డు ఎక్కింది. బోర్డంటే ఏం లేదు, కేడీలను చూసుకునే దాసు తన గది గోడకి తగిలించిన నల్లబల్ల. దాని మీద సుద్దతో రాసిన పేర్లవాళ్ళే పోటీలో సంచులు మొయ్యాలి. పోటీలో మోసినవాణ్ణి మెంబర్లు ఆ తర్వాత ఏడాది పొడుగునా పేరు పెట్టి పిలిపించుకుంటారు. మొయ్యనివాడు గేటు పక్కన చింతచెట్టు కింద కూర్చుని, ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తూ ఉంటాడు. గౌరీసు ఆ చెట్టు కింద చాలా ఏళ్ళు కూర్చున్నాడు. అతని పేరు బోర్డెక్కిన రోజున వాళ్ళావిడ వచ్చి దూరం నుంచే ఆ బల్లను చూసి వెళ్ళిందని దాసు మాతో చెప్పి నవ్వాడు.

మొదటి వారం నేను వేణుమాధవ్‌తో కలిసి ఆడాను. హోలంటే బంతిని మొదట కొట్టే చోటు నుంచి జెండా పాతిన కన్నం దాకా ఉండే మైదానం ముక్క. మా ఆరో హోల్ చూడ్డానికి చిన్నది, పొగరు మాత్రం జాస్తి. జెండా ముందు పెద్ద ఇసక గుంట నోరు తెరుచుకుని ఉంటుంది. కాస్త తక్కువ కొట్టామా, బంతి అందులోకే. జెండా వెనక సరుగుడు చెట్లు. వేణుమాధవ్‌కి కళ్ళజోడు ఉంది. మాటిమాటికీ అది తీసి యంత్రంలో చూడడం చిరాకని, చూసి చెప్పే పని గౌరీసుకి అప్పజెప్పాడు.

"నూట యాభై బాబూ" అన్నాడు గౌరీసు.

"అయితే ఏడో నంబరు. నా ఏడో నంబరు సరిగ్గా నూట యాభై" అన్నాడు వేణుమాధవ్.

ఇక్కడో సంగతి చెప్పాలి. అతని ఏడో నంబరు నిజంగానే ఒకసారి నూట యాభై గజాలు వెళ్ళింది. మే నెలలో, నేల బండలా ఎండిపోయి ఉన్నప్పుడు, వెనకనుంచి గాలి తోస్తుంటే, పడ్డ బంతి దొర్లుకుంటూ పోయి అక్కడ ఆగింది. నేనూ చూశాను. ఆ రోజు నుంచి అది అతని దూరమైపోయింది. అతన్నొక్కణ్ణే అనడం దేనికి, గోల్ఫ్ ఆడే ప్రతివాడూ ఇంతే. జన్మకో శివరాత్రి అన్నట్టు ఒక్కసారి వెళ్ళినంత దూరాన్ని రోజూ వెళ్ళే దూరమని చెప్పుకు తిరుగుతాడు.

బంతి లేచింది, బాగానే లేచింది, నేరుగా వెళ్ళి ఇసక గుంటలో పడింది.

"చవక సరుకు!" అన్నాడు వేణుమాధవ్. "వెనకున్న చెట్టుని చూసి జెండా అనుకుంది, చూశారా? దరిద్రపు మిషన్."

వెనక చెట్టుని పట్టుకుంటే యంత్రం దూరం ఎక్కువ చూపాలి, బంతి జెండా దాటిపోవాలి. ముందే ఎందుకు పడుతుంది? ఆ ముక్క అతనికి తట్టలేదు. ఆడుతున్న నలుగురిలో ఎవరమూ అనలేదు కూడా. వారమంతా అతను ఆ యంత్రాన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్లు తిని అది గౌరీసు జేబులో పడి ఉంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

రెండో వారం పేరున్న యంత్రం వచ్చింది. వేణుమాధవ్ నడకే మారిపోయింది. దాని బరువు చూడండన్నాడు, అద్దం తేట చూడండన్నాడు, తను ఆడబోయేది చూడమని నన్నూ, ఇంకో ముగ్గురు స్నేహితుల్నీ పిలుచుకొచ్చాడు. ఆరో హోల్ దగ్గర గౌరీసు యంత్రాన్ని రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూశాడు.

"నూట యాభై బాబూ."

వేణుమాధవ్ ఏడో నంబరు తీశాడు. కొట్టాడు. అదే ఇసక గుంట. పోయిన వారం బంతి పడ్డ చోటికి జానెడు ఇవతల పడిందేమో, అంతే తేడా.

స్నేహితుల్లో ఒకాయన, "ఏమయ్యా, మిషన్ పోలేదు కదా కొంపదీసి?" అన్నాడు నవ్వుతూ.

వేణుమాధవ్ ముఖం కందగడ్డ అయింది. "ఈ మిషన్ తప్పు చెప్పదండీ. ప్రపంచంలో పెద్దపెద్ద ఆటగాళ్ళు వాడేది. చూసినవాడికి చూడ్డం రాకపోతే అదేం చేస్తుంది?" అని గౌరీసు వైపు తిరిగాడు. "చెయ్యి వణికిందా? అసలు జెండానే చూశావా?"

"జెండానే సూసినాను బాబూ. అందులో ఏటి కనిపిస్తే అదే సెప్పినాను."

"నోరు ముయ్యి."

ఆట కాగానే నేరుగా దాసు గదికి వెళ్ళాడు. మా క్లబ్బులో కేడీ మీద మెంబరు ఒక్క మాట చెబితే చాలు, విచారణా గట్రా ఉండదు. దాసు తడిగుడ్డ తీసుకుని బల్ల మీద గౌరీసు పేరు తుడిచేశాడు. ఆ సమయానికి గౌరీసు బయట సంచిలోని కర్రలకి అంటిన ఇసక కడుగుతున్నాడు. తలెత్తి చూశాడు, మళ్ళీ కడిగాడు. నాకు ఒళ్ళు మండింది, దాచుకోవడం దేనికి? వరండాలో కూర్చున్నవాణ్ణి మాట్లాడదామని లేచాను కూడా. పక్కనున్న మాస్టారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

మర్నాడు ఉదయం ఆయన వేణుమాధవ్‌ని ఆరో హోల్ దగ్గరికి తీసుకెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. రెండు యంత్రాలూ అతని చేతిలో పెట్టి, "కళ్ళజోడు తీసి నువ్వే చూడు" అన్నారు.

అతను ముందు పేరున్నది చూశాడు, తర్వాత చవకది చూశాడు. మళ్ళీ మొదటిది చూశాడు. రెంటిలోనూ నూట యాభయ్యే. ఒక్కసారిగా ముఖం వెలిగిపోయింది. "అర్థమైంది మాస్టారూ! చవకదీ మంచిదే అన్నమాట. అనవసరంగా పెద్ద కంపెనీకి డబ్బు పొయ్యక్కర్లేదు. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే సరిపోయేది కదండీ!"

నేను తల పట్టుకున్నాను. మాస్టారు మాత్రం నిదానంగా అడిగారు.

"పోయిన వారం బంతి ఎక్కడ పడింది?"

"ఇసకలో."

"ఎవరిని తిట్టావు?"

"ఈ చవకదాన్ని."

"ఈ వారం?"

"ఇసకలోనేనండీ."

మాస్టారు సంచిలోంచి ఏడో నంబరు కర్ర తీసి అతనికిచ్చి, బంతులు ఒక్కొక్కటే నేల మీద వేస్తూ పోయారు. వేణుమాధవ్ కొడుతూ పోయాడు. గాలి లేదు, జెండా గుడ్డ కదలడం లేదు. మొదటి బంతి ఇసకలో పడగానే "సరిగ్గా తగల్లేదు" అన్నాడు. తర్వాతిది ఇసకలో పడితే "తొందరపడ్డాను" అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు. బాగా తగిలినవీ తగలనివీ అన్నీ ఆ గుంటలోకే పోయాయి. చివరికి కర్రను నేలకి ఆనించి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు. ఉన్నట్టుండి, "గౌరీసు ఎక్కడున్నాడు?" అన్నాడు.

"గేటు దగ్గర" అన్నాను నేను. నా గొంతు కాస్త కటువుగానే పలికింది.

అతను గబగబా దాసు గదికి నడిచాడు. తుడిచిన పేరు మళ్ళీ రాయించడం మా క్లబ్బులో తుడిపించినంత సులువు కాదు. చెప్పిన మెంబరే వచ్చి, ఫిర్యాదు విన్నవాళ్ళు టీకి కూర్చున్నప్పుడు, అందరి ముందూ తప్పు తనదని చెప్పాలి. ఈ పద్ధతి ఎప్పుడు ఎవరు పెట్టారో తెలీదు గాని, పెట్టినాయనకి మెంబర్ల సంగతి బాగా తెలిసి ఉండాలి. బల్ల మీదనుంచి పేర్లు పోవడం నేను చాలా చూశాను. తిరిగి రావడం మాత్రం అరుదు.

టీ వేళకి వరండా నిండింది. నిన్నటి స్నేహితులు ముగ్గురూ ఉన్నారు. దాసు చేతిలో సుద్దముక్కతో, వరండాలోకే తెరుచుకునే తన గది గుమ్మంలో నిలబడ్డాడు. వేణుమాధవ్ లేచాడు.

"గౌరీసు చెప్పిన దూరం సరైందే" అన్నాడు.

"మరి బంతి ఇసకలో ఎందుకు పడింది సార్?" అని దాసు వినయంగానే అడిగాడు. అడగడం అతని పని.

"నిన్న గాలి..." అని మొదలుపెట్టి వేణుమాధవ్ ఆగిపోయాడు. కింద మెట్ల దగ్గర, లోపలికి రావచ్చో లేదో తెలియక, తలగుడ్డ చేతిలో నలుపుకుంటూ గౌరీసు నిలబడి ఉన్నాడు. వేణుమాధవ్ అతన్ని చూశాడు.

"నా ఏడో నంబరు నూట యాభై వెళ్ళదు. నూట ముప్పై వెళ్తే గొప్ప. చూసినవాడి తప్పు లేదు, కొట్టినవాడిదే తప్పు."

ఎవరో ఒకరు నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. వరండాలో కూర్చున్న ప్రతి పెద్దమనిషీ తన ఏడో నంబరు గురించి చెప్పుకుంటున్న అంకెను గుర్తు చేసుకున్నట్టున్నాడు, నాతో సహా. నిన్న ఎకసెక్కెమాడినాయన టీలో ఇంకో చెంచా చక్కెర వేసుకున్నాడు. దాసు లోపలికెళ్ళి బల్ల మీద గౌరీసు పేరు రాశాడు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా రాశాడు. గౌరీసు మెట్ల దగ్గర నుంచే అది చదువుకుని, వేణుమాధవ్‌కి దణ్ణం పెట్టి, "ఎల్లొస్తాను బాబూ, ఇంట్లో సెప్పాల" అంటూ వెళ్ళిపోయాడు. వేణుమాధవ్ ఆ దణ్ణానికి ఏం చెయ్యాలో తెలియక చెయ్యెత్తి, దించేశాడు.

తర్వాత వచ్చి మాస్టారి పక్కన కూర్చున్నాడు. రెండు యంత్రాలూ టేబుల్ మీద పెట్టాడు. ముందే చెప్పాను కదా, అతను అడిగింది మరిచిపోయే రకం కాదు.

"ఇంతకీ ఏది కొనుక్కోమంటారు మాస్టారూ?" అన్నాడు, మెల్లిగా.

మాస్టారు టీ గ్లాసు అందుకున్నారు. "ఇప్పుడు ఏది కొన్నా ఫర్వాలేదయ్యా" అన్నారు. "తిట్టాల్సినవాడు దొరికాడుగా."