మృదుసేనుడు కుట్టిన సంచి

అనగా అనగా, పిల్లలూ, కుంకుమపురం అనే ఊళ్లో ఒక రాజుగారు ఉండేవారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వజ్రసేనుడు, నడిమివాడు ఉగ్రసేనుడు, చిన్నవాడు మృదుసేనుడు. రాణిగారికి ఆ ముగ్గురంటే పంచప్రాణాలు.

ఒకరోజు భస్మకేతుడనే మాంత్రికుడు వచ్చి, "ముగ్గురున్నారుగా, ఒకణ్ణి నాకు సేవకుడిగా ఇవ్వు" అని రాణిని అడిగాడు.

"ముప్ఫైమంది ఉన్నా ఇవ్వను" అంది రాణి.

"అయితే ముగ్గురూ నీకు లేనట్టే" అని చిటికె వేసి వాడు మాయమయ్యాడు.

ఆ సాయంత్రం కొడుకులు అన్నానికి వస్తే, రాణి వాళ్లను ఎగాదిగా చూసి, "ఎవరి పిల్లలు నాయనా మీరు? మీ అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది, ఇంటికి వెళ్లండి" అంది. పాపం, ఆ పూట ముగ్గురూ అన్నం తినకుండానే పడుకున్నారు.

ఆస్థాన జ్యోతిష్కుడు గవ్వలు వేసి చూసి చెప్పాడు. "ఏడు సముద్రాల అవతల ఒక దీవి, ఆ దీవిలో ఒక దానిమ్మచెట్టు, ఆ చెట్టు మీద బొటనవేలంత చిలక. మాంత్రికుడి ప్రాణం అందులోనే ఉంది. అమ్మగారి జ్ఞాపకం కూడా దాని గొంతులోనే ఉంది. అది ఇక్కడికొచ్చి మీ ముగ్గురి పేర్లూ పలికితే అమ్మగారికి మీరు గుర్తొస్తారు. దాన్ని చంపితే మాత్రం జ్ఞాపకమూ పోతుంది. పంజరంలో పెడితే ఊచల్లోంచి జారిపోతుంది. పెట్టెలో పెడితే ఊపిరాడక చస్తుంది. మనిషి ఒంటి వెచ్చదనంలోనే తేవాలి. మాంత్రికుడు దాన్ని బలవంతంగా లాక్కోలేడు. మోసంతోనే వదిలిస్తాడు."

ఆ రోజుల్లో బట్టలకు జేబులు లేవు. రాజుకైనా అంతే, గొల్లవాడికైనా అంతే. పంచె, ఉత్తరీయం, అయిపోయింది.

పెద్దవాడు ఓడెక్కి వెళ్లాడు, చిలకను పట్టుకున్నాడు, గుప్పిట్లో పెట్టుకుని ఒడ్డుకు చేరాడు. అక్కడొక ముసలాయన ఎదురయ్యాడు. పెద్దవాళ్లు కనిపిస్తే దండం పెట్టకుండా ఎలా ఉంటాం? రెండు చేతులూ జోడించాడు. చిలక తుర్రుమంది.

నడిమివాడు ఓడెక్కి వెళ్లాడు, చిలకను పట్టుకున్నాడు, ఉత్తరీయం కొసకు వదులుగా ముడివేసి భుజాన వేసుకుని ఒడ్డుకు చేరాడు. అక్కడొక ముసలమ్మ కాలే ఇసుకలో కూలబడబోతోంది. చూస్తూ ఊరుకుంటామా? ఉత్తరీయం తీసి ఆమె కింద పరిచాడు. ముడి ఊడింది, చిలక తుర్రుమంది.

అన్నలు చెప్పిందంతా విని మృదుసేనుడు ఆలోచించాడు. చేతులు దండానికి కావాలి, ఉత్తరీయం మర్యాదకు కావాలి. మిగిలింది నడుము. ఊళ్లో కుట్టుపని చేసే పున్నమ్మ అనే పడుచుపిల్ల ఇంటి అరుగు మీదికి నేరుగా వెళ్లి కూర్చుని, "నడుముకు కట్టుకునే చిన్న సంచి ఎలా కుట్టాలో నాకు నేర్పు" అన్నాడు.

"నేనే కుట్టి ఇస్తాను కదా బాబుగారూ" అంది పున్నమ్మ.

"సముద్రం మధ్యలో కుట్టు విడిపోతే నిన్నెక్కడ వెతకను?"

ఆ మాట ఆమెకు నచ్చింది. మెత్తని పాత నూలుగుడ్డ ఇచ్చింది. మొదటి సంచి పైవైపునే కుట్టాడు. అంచుల దారాలన్నీ పీచులు పీచులుగా లేచాయి. రెండోది తిరగేసి, జాగ్రత్తగా, చుట్టూ కుట్టుకుంటూ వచ్చాడు. పున్నమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగుంది బాబుగారూ. మూతి కూడా కుట్టేశారు. ఇక చిలక కాదు కదా, చీమ కూడా దూరదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. మూడోది కుదిరింది. కుట్లు లోపలికి వెళ్లాయి. మూతి దగ్గర అంచు మడిచి, ఆ మడతలో తాడు దూర్చి, లాగితే మూసుకునేట్టు చేశాడు. మొలకు కట్టుకోవడానికి గట్టి పట్టీ కూడా కుట్టాడు. పున్నమ్మ ఒక సూదీ దారపుండా అతని చేతికిచ్చి, "క్షేమంగా రండి" అంది. ఆ మాట అంటుంటే ఆమె కళ్లు చెమర్చాయి.

సముద్రపు ఒడ్డున చిరిగిన వలలో ఒక తాబేలు చిక్కుకుని ఉంది. మృదుసేనుడు సూదిమొనతో ఒక్కొక్క ముడే విప్పాడు.

"నీకు ఓపిక ఉందయ్యా. నా వీపెక్కు" అంది తాబేలు. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, మూడు దాటింది, అలా ఏడూ దాటింది.

దానిమ్మచెట్టు మీద చిలక అతన్ని చూసి ముడుచుకుపోయింది. "మీ అన్నలిద్దరూ నా పీక పట్టుకున్నారు" అంది.

"నేను పట్టుకోను" అని మృదుసేనుడు సంచి మూతి తెరిచి చూపించాడు. "మా అమ్మకు మేం గుర్తులేం. నువ్వొచ్చి మూడు పేర్లు పలికితే చాలు."

"లోపల వెచ్చగా ఉంటుందా?"

"నా పొట్టకు ఆనుకునే ఉంటావు."

చిలక తనంతట తనే దిగి సంచిలో కూర్చుంది.

తాబేలు అతన్ని ఒడ్డున దింపేసరికి, అక్కడ సాక్షాత్తూ రాణిగారు నిలబడి ఉన్నారు. "మృదూ, వచ్చావా నాన్నా?" అని చేతులు చాచారు. ఏడాదిగా ఆ పిలుపు వినలేదు పిల్లవాడు. పరుగెత్తుకెళ్లి రెండు చేతులతోనూ కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. సంచి మూతి మాత్రం వదులు కాలేదు.

"ఆ సంచిలో ఏముందో చూపించు కన్నా."

మృదుసేనుడు కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు మా అమ్మవి కాదు. అమ్మకు నేనింకా గుర్తురాలేదు. తెలిసే వచ్చాను, ఒక్కసారి అలా పిలిపించుకుందామని."

మాంత్రికుడు నిజరూపానికి వచ్చి గజగజ వణుకుతూ, "దాని పీక నులుముతావా?" అన్నాడు.

"నులమను. నా వెనకే రా. మా అమ్మకు మేం దొరికాక నీ చిలకను నువ్వు తీసుకుపో."

కోటలో చిలక అసలు రాణిగారి అరచేతిలో నిలబడి మూడు పేర్లూ పలికింది. రాణి ముగ్గురినీ ఒక్కసారే ఒళ్లోకి లాక్కుంది. అన్నిచోట్లా తడిమి చూసుకుంది. మాంత్రికుడు తలవంచుకుని చిలకతో వెళ్లిపోయాడు, మళ్లీ ఏ తల్లి జోలికీ పోలేదు.

మృదుసేనుడికీ పున్నమ్మకూ పెళ్లయింది. రాజుగారి తర్వాత అన్నలిద్దరూ సంతోషంగా ఒప్పుకుని అతనికే పట్టం కట్టారు. అతను నలభై ఏళ్లు చల్లగా ఏలాడు. నిండుకొలువులో ఉన్నా లోపలినుంచి "మృదూ" అని పిలుపు వస్తే, సింహాసనం దిగి వెళ్లేవాడు.

"ఏమ్మా?"

"ఏం లేదు నాన్నా, ఊరికే పిలిచాను."