గుండు దగ్గర వేసిన కేక

ఎర్రయ్య వస్తాదుకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాడికే ఒక పని అప్పగించి, తాను అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకునేవాడు.

ఆయన తాలింఖానాలో కసరత్తు, కుస్తీ నేర్చుకునేవాళ్లలో పెద్ద శిష్యుడు దాలినాయుడు. ఒకనాడు అతను ఒక కాగితం పట్టుకొచ్చాడు. పాలల్లో కలుపుకు తాగే ప్రొటీన్ పొడి అమ్మే కంపెనీవాళ్లు ఇచ్చిందది. పొడి తాగినవాళ్లకు బలం పెరిగిందని పెద్ద చదువులవాళ్లు పరీక్ష చేసి మరీ రాశారు. ఆ పరీక్షకు ఖర్చు పెట్టుకున్నదీ కంపెనీయే. దాలినాయుడి ఒంటిమీది కొత్త బనీనూ, చంకలోని పొడి డబ్బాలూ వాళ్లు ఊరికే ఇచ్చినవే. డబ్బా మీద నీ బొమ్మ వేస్తామని ఆశ కూడా పెట్టారు.

"కంపెనీ ఖర్చు పెడితే మాత్రం చదువుకున్నోళ్లు అబద్ధం రాస్తారేటి గురువుగారూ? లెక్క నిజమైతే నమ్మడానికి ఏటడ్డం?" అని అడిగాడు.

వస్తాదు మీసం దువ్వుకున్నాడు. "కుర్రాళ్లలో సగంమందికి నీ పొడి పొయ్యి. మిగతావోళ్లు మన ఉలవగుగ్గిళ్లే తింటారు. అమ్మవారి పండగ వెళ్లాక గోదాలో రాతిగుండు ఎత్తిద్దాం. చూసేదీ నువ్వే, తీర్పు చెప్పేదీ నువ్వే. పొడి గెలిస్తే ఉలవల డేగిసా పొయ్యి మీంచి దించేస్తాను, మళ్లీ ఎక్కించను."

ఆ మాటకు కుర్రాళ్లు గతుక్కుమన్నారు. డబ్బాలు కొనే తాహతు వాళ్లలో ఎవరికీ లేదు. వస్తాదు పెట్టే గుగ్గిళ్లే లేకపోతే తాలింఖానా మానుకుని ఇంట్లో కూర్చోవడమే.

పండగ వెళ్లింది. గుండు ఎత్తేటప్పుడు అక్కడొక ఆనవాయితీ ఉంది. ఎత్తేవాడి పక్కన పెద్ద శిష్యుడు నిలబడి కేక వెయ్యాలి. ఆ కేకతోటే వాడు ఊపిరి బిగించి రాయి లేపుతాడు. ముందు పొడి తాగినవాళ్లు వచ్చారు. "లెగు బావూ! నువ్వు భీముడివిరా! లెగు!" అని దాలినాయుడు కేకలు వేస్తుంటే గుండు ఒక్కొక్కరి భుజానికీ ఎక్కింది. తరవాత గుగ్గిళ్లవాళ్లు వచ్చారు. వాళ్లకీ కేక వేశాడు. గుండు రొమ్ముదాకా వచ్చి జారి, ధబ్బున ఇసకలో పడింది. ఒకే గుండు, ఒకే గోదా. మోసం ఎక్కడా లేదు.

"పొడే గెలిచింది గురువుగారూ" అన్నాడు. అన్నాడే గానీ మాట పైకి రాలేదు. అరిచి అరిచి గొంతు పూర్తిగా పూడుకుపోయింది.

"ఏటీ? వినపళ్లేదు" అంటూ వస్తాదు అరుగు దిగాడు. "సరే, గుగ్గిళ్లోళ్లు కాసేపు ఆగి ఇంకోమాటు ఎత్తండి. నాయుడూ, కేకెయ్యి."

దాలినాయుడు నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

గుగ్గిళ్ల జట్టులోని గౌరీసు చేతులు దులుపుకుంటూ నవ్వాడు. "వదిలెయ్యండి గురువుగారూ. మాకు ఇందాకేసిన కేకా ఇలాంటిదే. ఉయ్యాల్లో పిల్లకి జోల పాడినట్టు!"

అందరూ గొల్లుమన్నారు. 'అందరికీ ఒకేలా వేశానురా' అనబోయాడు దాలినాయుడు. అనబోయి ఆగాడు. ఇందాక పొడివాళ్ల పక్కన నడుం వంచి, మెడనరాలు ఉబ్బేలా అరిచాడు. వీళ్ల దగ్గర నిటారుగా నిలబడి, నోటితో మాత్రమే అన్నాడు. అప్పుడు ఆ సంగతి తనకే తెలియలేదు.

వస్తాదు గౌరీసు పక్కకు వచ్చి నిలబడ్డాడు. "లెగు కొడకా!" ఆ ముసలి గొంతు గోడలకు తగిలి మోగింది. గుండు వాడి భుజానికెక్కింది. అందరూ ఎత్తలేకపోయినా, ఇందాక జారవిడిచినవాళ్లలో చాలామంది ఎత్తారు.

దాలినాయుడు బనీను మీది కంపెనీ పేరును రెండు చేతులతో కప్పుకుని గోదా గట్టున కూలబడ్డాడు. వస్తాదు తానే దొప్పలో గుగ్గిళ్లు పెట్టి తెచ్చిస్తే, అందుకోడానికి తలెత్తలేకపోయాడు.

"కావాలని చెయ్యలేదు గురువుగారూ. ఒక్క అబద్ధం ఆడలేదు" అన్నాడు గుసగుసగా.

"తెలుసు నాయనా" అన్నాడు వస్తాదు. "ఆ కాగితం రాసినోళ్లూ అబద్ధం ఆడుండరు. ఈమాటు కనపడితే వాళ్ల గొంతు ఎలాగుందో ఓసారి కనుక్కునిరా."