ముద్ర లేని ట్యాంకు

సుప్రజకి ఆ ట్యాంకుని వదిలిపెట్టడం చేతకాలేదు. అదీ ఆమె కష్టం.

కాలేజీ పిల్లల రోబోల పోటీ చెన్నైలో. సుప్రజ జట్టు చేసిన రోబో చేతులు గాలి ఒత్తిడితో కదులుతాయి. ఆ గాలిని నింపి ఉంచడానికి చిన్న ఇనప ట్యాంకు కావాలి. ట్యాంకు ఫ్యాక్టరీలో చేసినదై ఉండాలనీ, ఎన్ని బార్‌ల ఒత్తిడికి తట్టుకుంటుందో చేసినవాళ్లే దానిమీద ముద్ర వేసి ఉండాలనీ పోటీవాళ్ల నియమం. సొంతంగా వెల్డింగు చేసి అతికినవి పనికిరావు.

సుప్రజ దగ్గరున్నది కాకినాడలో, తమ కాలేజీ వర్క్‌షాపులోనే అతికిన ట్యాంకు. అతికినవాడు సుహాస్. కిందటి వానాకాలంలో డెంగీ జ్వరం వచ్చి, ఇరవై ఏళ్లు నిండకుండానే పోయాడు.

మొదటి ఏడాది నుంచీ ఇద్దరిదీ ఒకే జట్టు. వాడు బొమ్మ గీస్తే ఈమె లెక్క కట్టేది. తిట్టుకోని రోజు లేదు, విడివిడిగా టీ తాగిన రోజూ లేదు. వాడు నీకేమవుతాడని అడిగితే చెప్పడానికి ఆ పిల్ల దగ్గర మాట లేదు. అడగడానికి మాత్రం కాలేజీలో అందరికీ తీరికే.

బజారుకెళ్తే కొత్త ట్యాంకు దొరకదా అంటే, ఎందుకు దొరకదు! కానీ వాడు లేకుండా వెళ్తున్నాం, వాడి చేతిపనైనా వెంట రావాలి అనుకుంది సుప్రజ. అందుకని చేయకూడని పని చేసింది. మూలన పడేసిన పాత ఫ్యాక్టరీ ట్యాంకు మీద నుంచి ముద్ర ఉన్న రేకు బిళ్లని ఊడదీసి, సుహాస్ ట్యాంకుకి అంటించింది. తప్పని తెలిసినా చేతులు మాత్రం పొందిగ్గా పనిచేశాయి. బాగా నేర్పిన పిల్ల కదా.

నేర్పింది వేదాద్రి సార్. మెకానికల్ వాళ్లకి పాఠాలు చెబుతారు. ఆయనది ఒక వింత పద్ధతి. రోబోకి బిగించే ప్రతి వస్తువునీ చేతిలోకి తీసుకుని, దానిమీదున్న ముద్రని పైకి చదవాలి. ఆయన కళ్లు మూసుకుని వింటారు. "ఊఁ" అంటే అది పెట్టెలోకి వెళ్తుంది. ఏమీ అనకపోతే బల్లమీదే ఉండిపోతుంది. ఎందుకిదంతా అని అడిగితే చెప్పరు. సార్ మంత్రాలు చదివిస్తున్నారని పిల్లలు వెనకాల నవ్వుకునేవాళ్లు. అందరికంటే ఎక్కువ నవ్వింది సుహాసే. వాడికా చనువుంది మరి. ఆయన కొడుకు.

కొడుకు పోయాక ఆయన సెలవు పెట్టింది కర్మలు అయ్యేదాకానే. తర్వాత మామూలుగా వచ్చి, బోర్డు తుడిచి పాఠం మొదలుపెట్టారు. మళ్లీ వాడి పేరెత్తలేదు. ఈయన గుండె బండరాయి అనుకుంది సుప్రజ. ఆ కోపం ఆమెకి లోపల్లోపల ఉండిపోయింది.

బయల్దేరే ముందురోజు పొద్దున్న వర్క్‌షాపులో ఇద్దరే కూర్చున్నారు. సుప్రజ వస్తువులన్నీ బల్లమీద పరిచి, ఒక్కొక్కటే తీసి చదివింది.

"సిలిండరు. పది బార్."

"ఊఁ."

"గొట్టం. పది బార్."

"ఊఁ."

"సేఫ్టీ వాల్వు. ఎనిమిది బార్ దగ్గర తెరుచుకుంటుంది."

"ఊఁ."

"ట్యాంకు. పదహారు బార్."

ఆ ఒక్క మాట దగ్గర ఆమె గొంతు సన్నబడింది. ఆయన ఏమీ అనలేదు. కళ్లు తెరవకుండానే చేయి చాపారు. సుప్రజ ట్యాంకుని ఆ చేతిలో పెట్టింది.

ఆయన బిళ్ల జోలికి పోలేదు. మూత చుట్టూ ఉన్న అతుకుని బొటనవేలితో మెల్లగా తడిమారు. సుహాస్‌ది ఎడమచేతి వాటం. వాడి వెల్డింగు అందరి వెల్డింగులా కాకుండా ఎదురువైపుకి తిరుగుతుంది. ఆ సంగతి వాడితో పనిచేసినవాళ్లకే తెలుసు. బొటనవేలు ఒకచోట ఆగిపోయింది.

"బాగా చదివావమ్మా," అన్నారు.

తిట్టినా బాగుండేది. ఆ మాటకి సుప్రజ తట్టుకోలేకపోయింది.

"తప్పు నాదే సార్. కానీ ఇది గట్టిదండీ. ఇన్నాళ్లూ ప్రాక్టీసుకి దీన్నే వాడాం, కొంచెం గాలి కూడా కారలేదు. వాడి పనిమీద మీకు నమ్మకం లేదా?"

"ఉంది."

"మరి? ముద్ర ఒక్కటే కదండీ లేనిది! వాడు వస్తానన్నాడు సార్. ఎలాగైనా వస్తానన్నాడు. ఇదొక్కటైనా రానివ్వండి." ఏడ్చేసింది.

ఏడుపు కాస్త తగ్గేదాకా ఆయన అలాగే కూర్చున్నారు. తర్వాత లేచి, వాల్వు తిప్పి ట్యాంకులో మిగిలిన గాలినంతా వదిలేశారు. బిళ్లని ఊడదీసి ఆమె చేతిలో పెట్టారు. ట్యాంకుని తీసుకెళ్లి డ్రిల్లింగ్ మిషను కింద బిగించారు.

సుప్రజకి అర్థమైంది. పనికిరాదని తేల్చిన ట్యాంకుకి వర్క్‌షాపులో రంధ్రం పెట్టేస్తారు, మళ్లీ ఎవరూ దాంట్లో గాలి నింపకుండా.

"వద్దు సార్! పోటీకి తీసుకెళ్లను. ఇక్కడే అల్మారాలో పెట్టుకుంటాను. ఎవర్నీ ముట్టుకోనివ్వను."

"చదువైపోతే నువ్వు వెళ్లిపోతావు. అల్మారా ఇక్కడే ఉంటుంది," అన్నారాయన.

మిషను తిరిగింది. ఇనుము కీచుమంటూ చుట్టలు చుట్టలుగా రాలింది. సుప్రజ చెవులు మూసుకుంది. పిడిని దించుతున్న ఆయన చేయి ఎక్కడా తడబడలేదు. అది చూసి ఆమెకి ఆయనమీద అసహ్యం కూడా వేసింది.

మిషను ఆపేశాక ఆయన సన్నటి ఆకురాయి ఒకటి తీసుకుని, రంధ్రం అంచుల్ని రుద్దడం మొదలుపెట్టారు. పారేసే ఇనప ముక్కకి అంచులు నున్నగా ఉంటే ఎంత, లేకపోతే ఎంత? ఆయన మాత్రం తీరిగ్గా రుద్దారు. వేలు పెట్టి చూసుకుని మళ్లీ రుద్దారు. సుప్రజ చూస్తూ నిలబడింది. ఆమె కోపం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు.

ఆయన ట్యాంకుని బల్లమీద పెట్టగానే సుప్రజ ఫోన్లో టార్చి వెలిగించి దగ్గరికి వచ్చింది. ఆ రంధ్రంలోంచి చూస్తే లోపల అతుకు ఎలా పట్టిందో కనబడుతుంది. సరిగ్గా పట్టి ఉంటే వాడి పనికి వంక లేనట్టే. ఆ ఒక్కటైనా తెలుసుకోవాలనిపించింది.

ఆయన అరచేత్తో రంధ్రం మూసేశారు.

"చూడొద్దమ్మా."

"ఏం సార్? బాగుంటే మీకూ సంతోషమే కదండీ."

"బాగానే ఉంటుంది. వాడి చేయి నాకు తెలుసు, నీకు తెలుసు." అన్నారాయన. "పోటీలో దీని పక్కన నిలబడే పిల్లలకి వాడెవరో తెలియదు. వాళ్లు నమ్ముకునేది ముద్రనే."

సుప్రజ టార్చి ఆర్పేసింది. ఆయన చేయి తీయలేదు. ఆమె తీయమని అడగలేదు.