రివ్వి వేసిన ఒక్క ఊపిరి కేక

అనగా అనగా, రెండు గట్ల నడుమ ఒక కొండ, దాని చుట్టూ అడవి. ఆ అడవిలో కబురు చేరవేయడానికి ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం చుట్టుపక్కల వాళ్ళంతా మడుగు దగ్గర చేరేవారు. తీతువు పిట్ట బండ మీద నిలబడి కేక వేసేది. ఆ కేక ఒక్క ఊపిరిలో అయిపోవాలి. ఎందుకంటే దాన్ని విని కొండముచ్చు చెట్టెక్కి అదే కేక వేయాలి. కొండముచ్చును విని నెమలి, నెమలిని విని దుప్పి. అలా అడవి చివరిదాకా పోవాలి. పొడుగు మాటైతే దారిలోనే తెగిపోతుందని పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. "పులి వచ్చింది!" "చెలమ ఎండింది!" "ఇప్పపూలు రాలాయి!" ఇలాంటి కబుర్లకు ఒక్క ఊపిరి చాలు మరి.

ఆ ఏడు కేక వేసే పని రివ్వి అనే పడుచు తీతువుకు దక్కింది. రివ్వికి ఆవేశం ఎక్కువ. "తెలుసుకోవడం ప్రతి ప్రాణి హక్కు! నిజాన్ని దాచేవాడు పులికన్నా ప్రమాదం!" అని తెల్లారి లేస్తే అరిచేది.

"ముందు గొంతు సవరించుకోవే తల్లీ," అని కొండముచ్చు వెక్కిరించేది.

ఒకనాడు తెల్లవారుతుండగా రివ్వి మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళింది. ఆ చెట్టు మీద నిదానం అవ్వ ఉండేది. అవ్వ ఒక దేవాంగపిల్లి. ఇంతింత కళ్ళు, పుల్లల్లాంటి చేతులు. అడుగు తీసి అడుగు వేసేలోపు ఎదుటివాళ్ళు కునుకు తీయొచ్చు. కొమ్మల పంగలోంచి చుక్కల్ని చూడడమే దాని పని. ఏ చుక్క ఎంత జరిగిందో వేళ్ళతో కొలుచుకునేది.

"అవ్వా, ఇవాళ కేకకు ఏమైనా ఉందా?" అని అడిగింది రివ్వి.

"ఉందే పిల్లా. ఇన్నాళ్ళూ లేని చుక్క ఒకటి కనిపించింది. నిజానికి అది చుక్క కాదు, ఆకాశంలో తిరిగే రాయి. ఇటువైపే వస్తోంది."

రివ్వి రెక్కలు టపటపలాడాయి. "మన మీద పడుతుందా?"

"అది పోగల దారులు వంద ఉన్నాయనుకో. అందులో ఒక్క దారి మన కొండ మీదికి వస్తుంది. మిగతావి రావు."

"ఏ దారిన పోతుందో నీకెందుకు తెలియదు?"

"ఇంకా కొంచెమే చూశాను కాబట్టి. చూసేకొద్దీ తెలుస్తుంది. ఒకవేళ మన మీదికే అని తేలినా, గట్టు దాటడానికి బోలెడు వ్యవధి ఉంటుంది. అప్పుడు నేనే చెబుతాను. ఈ మాట కూడా చెప్పు, మర్చిపోకు."

సాయంత్రం రివ్వి బండ ఎక్కి ఊపిరి పీల్చుకుంది. అవ్వ చెప్పిందంతా అందులో పట్టదు. వంద దారుల మాట తీసేసింది. ఇంకా చూడాలన్న మాట తీసేసింది. వ్యవధి ఉందన్న మాట కూడా తీసేసింది. మిగిలింది ఇంతే:

"రాయి వస్తోంది! మన కొండ మీద పడొచ్చు!"

"రాయి వస్తోంది! కొండ మీద పడుతోంది!" అంది కొండముచ్చు.

"కొండ పడుతోంది!" అంది నెమలి.

రివ్వికి ఆ తేడా వినిపించింది. ఆపి సరిదిద్దొచ్చు. కానీ మడుగు చుట్టూ తలలన్నీ తన వైపే తిరిగి ఉన్నాయి. ఎప్పుడూ అలా తిరగలేదు. "అడవి మేలుకుంది!" అనుకుని ఊరుకుంది.

బండ కింది గడ్డిలో గువ్వి అనే పూరేడు పిట్ట గుడ్లు పొదుగుతోంది. అది భయంభయంగా మెడ చాచింది.

"రివ్వక్కా, నిజంగా పడుతుందా? నేను లేచి వెళ్ళానంటే గుడ్లు చల్లబడిపోతాయి. ఉండనా, వెళ్ళనా?"

"నిజం చెప్పడం వరకే నా పని, చెల్లీ. ఏం చేయాలో నువ్వే ఆలోచించుకో," అంది రివ్వి.

ఆ నిజంలో ముప్పాతిక వంతు రివ్వి గొంతులోనే ఉండిపోయింది. మరి గువ్వి దేనితో ఆలోచించుకోవాలి?

కొన్నాళ్ళు గడిచాయి. రివ్వి మళ్ళీ అవ్వ దగ్గరికి వెళ్ళింది.

"ఇప్పుడు ముప్పై దారులే మిగిలాయే. మన దారి ఇంకా అందులోనే ఉంది," అంది అవ్వ.

"అంటే వందలో ఒకటి కాస్తా ముప్పైలో ఒకటి అయింది! రాయి మన వైపు తిరిగిందా?"

"రాయి తిరగలేదు. ఒక ఏనుగు ఎక్కడో దూరంగా వస్తోందనుకో. ఇక్కడ చీమల పుట్ట ఉంది. అంత దూరం నుంచి ఏనుగు ఈ లోయలో ఎటైనా నడవొచ్చు. పుట్టను తొక్కే అవకాశం చాలా తక్కువ. కాస్త దగ్గరికి వచ్చింది. అటు కొసకూ ఇటు కొసకూ పోదని తేలింది. మిగిలిన కాస్త జాగాలో పుట్ట ఇంకా ఉంది. ఇప్పుడు చీమలకు ఏమనిపిస్తుంది?"

రివ్వి తల పక్కకు వంచి ఆలోచించింది. "ఏనుగు తమ మీదికే వస్తున్నట్టు! కానీ ఏనుగు తన దారిన తను వస్తోంది. మనకు తెలియని జాగా చిన్నదైంది, అంతే కదా?"

"అంతే! ఇంకా దగ్గరికి వస్తే పుట్ట ఆ జాగాలో ఉండిపోవచ్చు, బయటికి పోనూవచ్చు."

రివ్వికి భలే ముచ్చటేసింది. అంతలోనే మొహం చిన్నబోయింది. "ఇంత కథ ఒక్క ఊపిరిలో ఎలా చెప్పను, అవ్వా?"

"రెండు ఊపిర్లు తీసుకో."

"కట్టుబాటు తప్పితే సగంమంది లేచిపోతారు!"

"పోనీ. మిగతా సగమైనా సరిగ్గా వింటారు."

ఆ సాయంత్రం మడుగు దగ్గర ఇసుక వేస్తే రాలనంతమంది ఉన్నారు. వాళ్ళలో సగాన్ని పోగొట్టుకోవడానికి రివ్వికి మనసొప్పలేదు. ఒకే ఒక్క ఊపిరి తీసుకుంది.

"ముప్పు మూడింతలైంది!"

ఇక చూడండి. దుప్పులు పరుగు. కుందేళ్ళు పరుగు. తేనె వదిలేసి ఎలుగుబంటి పరుగు. ఆ తొక్కిసలాటలో గువ్వి లేచింది. గుడ్ల వైపు చూసింది, ఆకాశం వైపు చూసింది. గుడ్ల మీద రెండు ఎండుటాకులు కప్పి, ఏడుస్తూ గట్టు దాటింది.

మర్నాడు పొద్దు పొడిచేసరికి అవ్వ కబురు చెప్పింది. "రాయి దారి తేలిపోయింది. మన కొండకు చాలా దూరంగా పోతుంది."

రివ్వి గట్టు అవతలికి ఎగిరింది. "పడదు! వెనక్కి రండి!" అని కేక వేసింది.

ఎవ్వరూ కదల్లేదు.

"పడుతుందన్నదీ నువ్వే, మూడింతలన్నదీ నువ్వే, పడదంటున్నదీ నువ్వే. మతి పోయింది నీకా, ఆ ముసలిదానికా? పోయి దాన్ని చెట్టు మీంచి దింపుదాం పదండి!" అంది కొండముచ్చు.

"బావా, అవ్వను ఏమీ అనకు!" అంది రివ్వి. ఈసారి కట్టుబాటు చూసుకోలేదు. వంద దారుల గురించి చెప్పింది. ఏనుగు గురించి, చీమల పుట్ట గురించి చెప్పింది. వ్యవధి ఉంటుందని అవ్వ మొదటే చెప్పిన మాటా, దాన్ని తను తీసేసిన సంగతీ చెప్పింది. సగంమంది విసుక్కుని మేతకు పోయారు. గువ్వి మాత్రం ముందుకు వచ్చింది.

"ఇక ఏ రాయీ రాదా, అక్కా?"

"రాదు" అనేస్తే గువ్వి సంతోషంగా గూటికి ఎగిరిపోతుంది. రివ్వి నోటిదాకా వచ్చిన ఆ మాటను మింగింది.

"ఈ రాయి పడదు. ఇంకో రాయి సంగతి తెలియదు. అవ్వ చూస్తూనే ఉంటుంది. నేను అంతా చెబుతాను."

గువ్వి ఇంకేమీ అడగకుండా గూటికి ఎగిరింది.

కొన్నాళ్ళకు నాలుగు గుడ్లు పగిలి, గోధుమరంగు పిల్లలు బయటికి వచ్చాయి. మూడు గుడ్లు అలాగే ఉండిపోయాయి.

రివ్వి తల దించుకుంది. "ఒక్క ఊపిరిలో అంత మాట పట్టలేదు, చెల్లీ."

గువ్వి ఆ మూడు గుడ్లనూ ముక్కుతో మెల్లగా పక్కకు జరిపింది.

"నా గూడు నీ బండ కిందే కదక్కా. దిగి వచ్చి, మిగతాది చెవిలో చెప్పినా సరిపోయేది."

నీతి: తెలిసింది చెప్పేటప్పుడు ఇంకా తెలియనిది ఎంతో కూడా చెప్పాలి. భయాన్ని పంచి మిగతాది మింగేస్తే, ఆ నష్టం నమ్మి విన్నవాళ్ళ మీద పడుతుంది.