వెయ్యిన్ని తొమ్మిదో పెంకు

అనగనగా ఒక ఊళ్ళో ఒక పెంకు ఎక్కువైపోయింది. గొడవంతా అక్కడే వచ్చింది, బంగారూ. తక్కువైతే ఇంకోటి చేసుకుంటారు. ఎక్కువైతే ఏం చేస్తారు?

ఆ ఊరి నిండా కుమ్మరివాళ్ళే. వాళ్ళలో నూకాలు అని ఒకామె, ఆమెకి పైడి అని ఐదేళ్ళ కూతురు. వానలు రాకముందే పాక మీద కప్పుకుందామని నూకాలు వెయ్యిన్ని ఎనిమిది పెంకులు చేసింది. అప్పుడు పైడి, అమ్మ చూడకుండా, అడుగున మిగిలిన మట్టితో ఇంకొకటి చేసింది. అది వంకర. దాని మీద ఐదు వేళ్ళ ముద్రలూ పడ్డాయి.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఆవంలో కాల్చే ముందు పెంకులన్నీ సమానమైన వరసల్లో పేర్చి చూపించాలి. మిగిలినదాన్ని చితక్కొట్టి మట్టిలో కలిపెయ్యాలి.

నూకాలు వరసకి రెండేసి పేర్చింది. ఒకటి మిగిలింది.

"ఆ వంకరదాన్ని కొట్టెయ్యవే. అది పెంకా, అప్పడమా?" అన్నాడు ఆవం పెద్ద అప్పన్న తాత.

పైడి పెంకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "మూడేసి పెట్టమ్మా" అంది.

మూడేసి పెట్టింది. ఒకటి మిగిలింది. ఆ తర్వాత ఏడేసి పెట్టింది. అప్పుడూ ఒకటే మిగిలింది.

"పొద్దు వాలేలోగా తేల్చు. నిప్పు పెట్టేస్తా" అన్నాడు తాత.

నూకాలు కొంగు బిగించింది. ఐదేసి పెడితే నాలుగు మిగిలాయి. పదకొండేసి పెడితే ఎనిమిది. ముప్ఫై ఒకటి దాకా చూసింది, ఏదీ కుదరలేదు. ఆపైన చూసినా దండగే. ముప్ఫై రెండేసి ముప్ఫై రెండు వరసలకి ఆ పెంకులే చాలవు, అంతకన్నా తక్కువ వరసలైతే ఆ లెక్కలన్నీ ముందే చూసేసింది మరి!

వెయ్యిన్ని తొమ్మిది అంతే, బంగారూ. ఎవరు పంచినా పంపకానికి లొంగదు. అలాంటివాటిని చదువుకున్నవాళ్ళు ప్రధాన సంఖ్యలంటారు.

అప్పుడు నూకాలు ఒక పెంకు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది. దాని పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. వరస నూతి దాకా వెళ్ళింది, పశువుల పాక దాటింది, కాలవ గట్టెక్కింది. చివర ఒకే ఒక్క చోటు ఉంది. నూకాలు చెయ్యి చాపింది.

"తే."

పైడి పెంకు ఇచ్చింది.

తాత ఆ చివరి దాకా నడిచి, ఆయాసపడుతూ తిరిగొచ్చాడు. "ఇదేం పేర్పే నూకాలూ?"

"ఒకటే వరస తాతా. అన్నీ అందులోనే ఉన్నాయి. మిగిలిందేదో చూపించు, కొట్టేస్తా."

తాత గడ్డం గోక్కున్నాడు. ఆ తర్వాత పకపకా నవ్వాడు. "ఆవం అంటించండర్రా!" అని కేకేశాడు.

ఆ వంకర పెంకు సరిగ్గా పైడి మంచం పైన కప్పులోకి ఎక్కింది. వంకరది కదా, వానొస్తే అక్కడ నాలుగు చుక్కలు కారేవి. నూకాలు మంచం జరిపింది, కింద గిన్నె పెట్టింది. పెంకు మాత్రం తియ్యలేదు. ఆ తర్వాత మూడుసార్లు ఇంటి కప్పు నేయించింది. అన్నీ మార్చింది. దాన్ని మార్చనివ్వలేదు.

కథ పోయె కంచికి, పెంకెక్కె ఇంటికి,
జోలపాట చంటికి, కునుకు రావె కంటికి.